ఒంటిచెయ్యి కుర్చీ

రేవెన్ వాగు, కెంటకీ
11 మార్చి 1973

తమ్ముడూ ఎస్టిల్,

మీ బావ లొంజో దగ్గు చలితో పాటే పోతుందనుకున్నాం. చలి పోయింది, దగ్గు పోలేదు. మనిషి బొగ్గు గనిని వదిలేసినా గని ఆయన్ని వదలడం లేదు. కోళ్ళు మాత్రం మళ్ళీ గుడ్లు పెడుతున్నాయి. ఇంటి కబుర్లు ఇంతే, ఇక అసలు సంగతికి వస్తాను.

నువ్వు వాయించానని రాశావే, ఆ వాండా లీ పాడిన రికార్డు, పట్నం వెళ్ళినప్పుడు కొన్నాను. అట్ట వెనక సన్న అక్షరాల్లో "ఫిడేలు: ఎస్టిల్ రాట్లిఫ్" అని ఉంటే కొట్లోనే నిలబడి పదిసార్లు చదివాను. నేను ఫిడేలు ముట్టుకోనని మాటిచ్చాను గానీ, వినడం తప్పని మా చర్చి సంఘంలో ఎవరూ అనలేదు. పక్కింటి ఓసీ వాళ్ళింట్లో రికార్డు పెట్టె ఉంది కదా, అక్కడికి పట్టుకెళ్ళి ఊళ్ళో సగం మందిని పిలిచాను. నా తమ్ముడి వాయిద్యం వినండర్రా అని కేకులు కూడా పంచాను.

ఏమని చెప్పను! తల కొట్టేసినట్టయింది. అదేం వాయించడంరా? ఇస్త్రీ చొక్కాలా ఎక్కడా ఒక్క మడత లేదు. నాన్న నేర్పిన జారుడేదీ? మన వాగు రాళ్ళ మీద నీళ్ళు పోయినట్టుండే ఆ గరుకేదీ? ఓసీ మొహమాటానికి "బావుందమ్మా" అంది. ఆవిడ బావుందన్న తీరు వినే నాకు సగం చచ్చినంత పనయింది. నాష్‌విల్ వెళ్ళి మనవాళ్ళ చెయ్యి పోగొట్టుకున్నావు, అంతే.

మే నెలాఖరున సమాధుల పండగకైనా వస్తావా, లేక పెద్దవాడివయ్యావా? అమ్మానాన్నల సమాధుల మీద పూలు ఒక్కదాన్నే పెట్టాలంటే నాకు నామోషీగా ఉంటోంది.

కోపంతోనూ, కోపం కన్నా ఎక్కువ ప్రేమతోనూ,
అక్క డెల్ఫియా


నాష్‌విల్
25 మార్చి

అక్కా,

చెంపదెబ్బలు పోస్టులో కూడా వస్తాయని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

నువ్వు వంటింట్లో కూర్చుని తీర్పులు చెప్పెయ్యగలవు. ఇక్కడ పనెలా ఉంటుందో నీకేం తెలుసు? మూడు గంటల్లో నాలుగు పాటలు తేలిపోవాలి. ముందుగా పాట విని ఉండం. ఎవరో ఒకడు చేతిలో కాగితం ముక్క పెడతాడు, స్వరాల బదులు అంకెలు రాసి. దాన్ని చూసుకుంటూ, గాయని ఊపిరి పీల్చుకునే సందులో మనం దూరాలి, ఆవిడ మళ్ళీ నోరు తెరిచేలోగా మర్యాదగా బయటికి పోవాలి. ఆ సందులో నాన్న జారుళ్ళు, వాగులు, రాళ్ళు పడతాయా? "ఎస్టిల్, కొంచెం నున్నగా" అంటారు. నున్నగా వాయిస్తే మళ్ళీ పిలుస్తారు. ఇరవై ఏళ్ళుగా ఆ నునుపే నాకు కూడు పెట్టింది. ఎంతమంది పేరున్న గాయకుల వెనక నిలబడ్డానో నీకు తెలుసు, వాళ్ళ అభిమానులకు తెలియదు. సెషన్ వాయిద్యగాడి బతుకే అంత.

పండగకు రాలేను. పని తెమలదు. ఊపిరి తీసుకునే తీరిక లేదనుకో.

బావ దగ్గుకి తేనె, విస్కీ కలిపి పట్టు. మీ సంఘం ఒప్పుకోకపోతే తేనె ఒక్కటే పట్టు, విస్కీ నేను తాగి పెడతాను.

ఎస్టిల్


రేవెన్ వాగు
8 ఏప్రిల్

తమ్ముడూ,

విస్కీ మాట మీ బావకి చదివి వినిపించి తప్పు చేశాను. "అదీ సంగతి! వాడు తాగుడికి పడ్డాడు డెల్ఫియా, అందుకే చెయ్యి అలా తయారైంది" అని కూర్చున్నాడు. ఆయనకు హాస్యం ఎక్కదని తెలిసీ చదివాను చూడు, నా బుద్ధి.

కానీ ఆయనలా అన్నాక నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఓసీ ఇంటికెళ్ళి ఆ పాట మళ్ళీ పెట్టించాను. మళ్ళీ, మళ్ళీ. ఓసీకి విసుగొచ్చి కోళ్ళకు గింజలు వెయ్యడానికి వెళ్ళిపోయింది.

ఎస్టిల్, అది వాయించింది నువ్వు కాదు.

నువ్వు కమానుతో తీగను ఒక్కసారి తాకి గానీ రాగం ఎత్తుకోవు. చిన్నప్పటి నుంచీ అంతే, తలుపు తట్టి లోపలికొచ్చినట్టు. నాన్న ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. ఈ రికార్డులో మనిషి తలుపు తట్టడు, తన ఇల్లయినట్టు నేరుగా వచ్చేస్తాడు. బాగానే వాయిస్తాడు, కాదనను. కానీ నువ్వు కాదు.

అట్ట మీద నీ పేరు, లోపల వేరే మనిషి. ఏం జరిగింది? నీ మీద నోరు పారేసుకున్నాను, తప్పు నాదే. తాగుడైతే తాగుడనే చెప్పు. అక్కతో కాకపోతే ఎవరితో చెప్పుకుంటావు?

డెల్ఫియా


నాష్‌విల్
16 ఏప్రిల్

అక్కా,

ఈ ఊరంతా చెవులున్నవాళ్ళే. ఒక్కరూ కనిపెట్టలేదు. నువ్వు ఓసీ ఇంట్లో కూర్చుని కనిపెట్టావు.

తాగుడు కాదు. తాగుడైతే ఎంత బావుండేది, మానేసేవాణ్ణి. నా ఎడమ చిటికెన వేలు నా మాట వినడం లేదు. చెంచా పట్టుకుంటే ఏమీ ఉండదు, చొక్కా గుండీలు పెట్టుకుంటే ఏమీ ఉండదు. ఫిడేలు భుజానికెత్తి తీగ మీద పెట్టబోతే చాలు, గొంగళిపురుగులా లోపలికి ముడుచుకుపోతుంది. నొప్పి లేదు. డాక్టరు నొక్కి చూశాడు, ఫోటోలు తీశాడు, విరిగిందేమీ లేదన్నాడు. విశ్రాంతి తీసుకోమన్నాడు. తీసుకున్నాను. విశ్రాంతి అయ్యాక కూడా ముడుచుకుంది.

వాండా లీ పాటకి నేను వాయించిన మాట నిజమే. నున్నగా రాలేదు. నిర్మాత భుజం తట్టి "చాలా బావుంది ఎస్టిల్" అన్నాడు. వారం తర్వాత టెక్సాస్ నుంచి వచ్చిన ఒకతన్ని పిలిపించి, నాది తుడిచేసి, అతనిచేత వాయింపించారు. అట్టలు అప్పటికే అచ్చయిపోయాయి. ఇక్కడ ఎవరూ నువ్వు పనికిరావని చెప్పరక్కా. ఫోను చెయ్యడం మానేస్తారు, అంతే. నెలన్నరగా నా ఫోను మోగలేదు. ఊపిరి తీసుకునే తీరిక లేదని రాశానే, తీరిక తప్ప ఇంకేమీ లేదు.

ఫిడేలు తప్ప నాకు ఇంకో పని చేతకాదు. నీకు తెలుసు.

ఒక్కటి అడుగుతాను. గని కప్పు కూలి నాన్న చిటికెన వేలు పోయినప్పుడు నేను సైన్యంలో, జర్మనీలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి నాన్నే లేడు. మూడు వేళ్ళతో మళ్ళీ వాయించాడని, మునుపటికన్నా బాగా వాయించాడని నువ్వే చెప్పావు. ఎలా వాయించాడు? ఆ చలికాలమంతా పక్కన ఉన్నది నువ్వు ఒక్కదానివే. రాసి పంపు.

నీ తమ్ముడు


రేవెన్ వాగు
29 ఏప్రిల్

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడు రోజులు జాకెట్టులో పెట్టుకు తిరిగాను. మీ బావ అడిగితే వాడు తాగడం లేదట అని మాత్రం చెప్పాను.

రాయమన్నావు కదా, రాస్తున్నాను చూడు. లావు తీగలు రెండిటినీ శృతి పెంచి, సన్న తీగలకు జోడీగా కలిపేవాడు. ఫిడేలును గడ్డం కింద కాకుండా ఛాతీ మీదకి దించుకునేవాడు. చిటికెన వేలు పడాల్సిన చోటికి ఉంగరపు వేలు జరిగి వెళ్ళేది, మళ్ళీ దిగేది. ఇంతవరకూ రాయగలను. ఎప్పుడు జరగాలి, ఎంత జరగాలి, ఆ జరిగేటప్పుడు మణికట్టు ఏం చెయ్యాలి, ఇదంతా కాగితం మీద రాదు. నాన్న కూడా మాటల్లో చెప్పలేదు. నా చిటికెన వేలును గుడ్డపీలికతో అరచేతికి కట్టేసి "నువ్వు వాయించవే పిల్లా, నేను చూస్తాను" అనేవాడు. ముందు నా చేతిలో చూసుకుని, ఆ తర్వాత తను వాయించేవాడు. ఆ విద్య ఉన్నది నా చేతిలోనే, నా నోట్లో లేదు.

ఆ చెయ్యి ఏమైందో నీకు తెలుసు. వాగులో బాప్తిస్మం తీసుకుని తడి బట్టలతో ఒడ్డుకొచ్చినప్పుడు, సంఘమంతా చూస్తుండగా ఇక ఫిడేలు ముట్టనని మాటిచ్చాను. ఎవరూ బలవంతపెట్టలేదు. మావాళ్ళలో వాద్యం వాయించే మనిషికి సంఘంలో చోటు లేదని తెలిసే ఇచ్చాను. నాన్న ఫిడేలు పిండి సంచీలో చుట్టి మంచం కింద పెట్టాను. అప్పటి నుంచీ దుమ్ము దులపడానికి తప్ప తియ్యలేదు. బిడ్డలు నిలవని ఇల్లు ఇది. ఆ రోజుల్లో నన్ను మనిషిని చేసింది గుడి బల్లల మీద కూర్చున్న ఆడవాళ్ళే. ఆదివారం వాళ్ళు చెయ్యి కలిపి నన్ను దగ్గరికి తీసుకుంటే గాని నాకు వారం గడవదు.

ఇంకేమైనా అడుగు. ఇది మాత్రం అడగొద్దు.

అక్క


నాష్‌విల్
6 మే

డెల్ఫియా,

నువ్వు రాసినట్టు శృతి చేశాను. ఛాతీ మీద పెట్టుకున్నాను. పిల్లి తోక తొక్కినట్టు వచ్చింది.

నాన్నకి చెయ్యి అప్పిచ్చావు. నాకివ్వవు. సరే. దేవుడు నీ పక్కన ఉన్నాడు, టైర్ల కంపెనీ నా పక్కన ఉంది. అక్కడ మనుషులు కావాలని బోర్డు పెట్టారు. టైర్లు మొయ్యడానికి చిటికెన వేలు అక్కర్లేదట, కనుక్కున్నాను. ఫిడేలు కొంటానని టెక్సాస్ ఆయనే కబురు చేశాడు. నా పాట తీసుకున్నవాడు ఫిడేలు కూడా తీసుకుంటే లెక్క సరిపోతుంది.

మీ బల్లల మీది ఆడవాళ్ళకి నా నమస్కారాలు.

ఎస్టిల్


రేవెన్ వాగు
13 మే

ఎస్టిల్,

ఫిడేలు అమ్మావంటే నా ఇంటి గుమ్మం తొక్కకు.

పండగకు రా. శుక్రవారానికే రా. శనివారం పొద్దున మీ బావ మగవాళ్ళతో కలిసి సమాధుల దగ్గర గడ్డి కొయ్యడానికి కొండ మీదికి వెళ్తాడు. వెనక పెరట్లో, పంది మాంసానికి పొగ పెట్టే కొట్టం ఇప్పుడు ఖాళీగానే ఉంది. తలుపు బాగా మూసుకుంటుంది.

ఇంతకన్నా కాగితం మీద పెట్టను. ఈ ఉత్తరం చింపెయ్. ఒక గుడ్డపీలిక తెచ్చుకో, లేకపోతే నా దగ్గరే ఉంది.

డెల్ఫియా


నాష్‌విల్
22 జులై

నా బంగారు అక్కా,

కూర్చుని చదువు. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి మరీ చదువు.

పండగ నుంచి వచ్చినప్పటి నుంచీ రోజూ వేలికి గుడ్డ కట్టుకుని సాధన చేశాను. నువ్వు కట్టిన ముడే, నాకు అంత గట్టిగా కట్టడం చేతకాక పళ్ళతో లాగి కడుతున్నాను. మొదటి రెండు వారాలూ ఏడుపే. తర్వాత ఒకరోజు ఉంగరపు వేలు తనంతట తను పైకి పోయి దిగింది, అచ్చం కొట్టంలో నువ్వు చూపించినట్టు. నువ్వు కళ్ళు మూసుకుని వాయిస్తుంటే నీ మొహంలో నాన్న మొహం కనబడిందని ఆ రోజు చెప్పలేకపోయాను. సిగ్గేసింది. ఇప్పుడు చెబుతున్నాను.

టైర్ల కంపెనీకి వెళ్ళలేదు. బాంజో వాయించే పాత స్నేహితుడు ఒకడు బ్లూగ్రాస్ కొండపాటల రికార్డు చేస్తూ, వాయిద్యగాళ్ళు ఒకరు తక్కువయ్యారని జాలిపడి పిలిచాడు. ఛాతీ మీద ఫిడేలు పెట్టుకుని కూర్చుంటే అందరూ ముసిముసిగా నవ్వుకున్నారు. వాయించాను. నిర్మాత గాజు గదిలోంచి బయటికొచ్చి "ఆ జారుడు ఎక్కడిది?" అన్నాడు. "మా ఇంటిది" అన్నాను. నున్నగా వాయించమని ఎవరూ అనలేదు! ఇప్పుడు పాత కొండ వాయిద్యం కావాలంటున్నారు జనం. ఫోను మళ్ళీ మోగుతోంది. స్నానం చేస్తుంటే కూడా మోగుతోంది.

అసలు కబురు ఇంకా చెప్పలేదు. ఆ పాట గురించి రేడియో వాళ్ళు నన్ను పిలిచి మాట్లాడించారు. ఇరవై ఏళ్ళలో నా పేరు ఎవరైనా పైకి చదవడం అదే మొదటిసారి! ఆ రేడియో అన్నగారు "ఈ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగాడు. నేను ఊరుకుంటానా? "మా అక్క దగ్గర. రేవెన్ వాగులో ఉంటుంది, పేరు డెల్ఫియా స్టిడమ్. మొన్న సమాధుల పండగ ముందురోజు పొగ కొట్టంలో కూర్చోబెట్టి వాయించి చూపించింది. కెంటకీలో అంత ఫిడేలు ఇంకెవరూ వాయించలేరు" అని చెప్పేశాను. పాపం ఆ అన్నగారు కూడా "డెల్ఫియా అక్కా, వింటున్నావా?" అన్నాడు.

విన్నావా? కెంటకీ అంతా వినే స్టేషను అది! నలుగురి పేర్ల వెనక దాక్కుని బతికినవాణ్ణి, నీ పేరు మాత్రం దాక్కోనివ్వలేదు. రికార్డు వేరే పంపుతున్నాను. బావకి చెప్పు, నేను తాగడం లేదని.

ఎప్పటికీ నీకు ఋణపడ్డ తమ్ముడు,
ఎస్టిల్


రేవెన్ వాగు
26 ఆగస్టు

తమ్ముడూ,

రికార్డు అందింది. ఓసీ ఇంటికి ఇప్పుడు వెళ్ళడం లేదు గనుక, పోస్టుమాస్టరు కూతురు తన పెట్టె తెచ్చి మా వంటింట్లో పెట్టి వినిపించింది. మొదలెట్టే ముందు కమాను తీగను తట్టింది. నాకు ఏడుపొచ్చింది. "రారా లోపలికి" అని పైకే అన్నాను.

మిగతాది కూడా చెప్పాలి. చెప్పకుండా ఉందామనుకున్నాను గానీ, నీకు వేరేవాళ్ళు చెబితే ఇంకా బాధపడతావు.

రేడియో నేను వినలేదు. కానీ మర్నాటి నుంచి ఆడవాళ్ళు నన్ను చూసి మాటలు తుంచెయ్యడం మొదలెట్టారు. నీ ఉత్తరం అప్పటికింకా రాలేదు. సంగతి బయటపెట్టింది మీ బావేనని అనుకున్నాను. ఆ శనివారం కొండ దిగి వచ్చాక ఆయన నా వైపు ఒక రకంగా చూసిన మాట నిజం. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టి అవతలికి పోయేదాన్ని. ఆయన దగ్గుకుంటూ తినేవాడు. నీ ఉత్తరం వచ్చాక చదివి, ఆయన ముందు పడేసి, క్షమించమన్నాను.

"నాకు ఆ రోజే తెలుసు" అన్నాడు. "సమాధుల దాకా వినబడింది. కొడవలికి సాన పెడుతున్నట్టు చప్పుడు చేస్తూ కూర్చున్నాను, పక్కవాళ్ళకి వినబడకుండా."

ఆగస్టు నెల సంఘ కూడికలో నన్ను లేవమన్నారు. సహోదరుడు ఆర్విల్ అంటే నన్ను వాగులో ముంచి బాప్తిస్మం ఇచ్చినాయన. "డెల్ఫియా, రేడియోలో అన్నది నిజమేనా?" అన్నాడు. నిజమే అన్నాను. "అయితే తప్పయిపోయిందని ఒక్క మాట అనేసి కూర్చో తల్లీ. నిన్ను పోగొట్టుకోవాలని ఇక్కడెవరికీ లేదు" అన్నాడు.

అనడానికే లేచాను ఎస్టిల్. మాట నోటి దాకా వచ్చింది. అప్పుడు నీ వేలికి గుడ్డ కడుతున్నప్పటి నీ మొహం గుర్తొచ్చింది, దెబ్బ తగిలి అమ్మ దగ్గరికొచ్చిన పిల్లాడిలా పెట్టావు. దేవుడి ముందు నిలబడి అబద్ధం ఎలా ఆడను? "మాట తప్పినందుకు బాధగా ఉంది. వాయించినందుకు లేదు" అన్నాను. ఆయన ఇంకోసారి అడిగాడు. నేను ఇంకోసారి అదే చెప్పాను.

మావాళ్ళలో ఒకరిని వెలెయ్యాలంటే అందరి చేతులూ లేవాలి. లేచాయి. ఓసీ ఏడుస్తూ ఎత్తింది. మీ బావ సంఘ పెద్ద, చివరిదాకా చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. అందరూ ఆయన వైపే చూశారు. ఎత్తాడు. ఆయన మీద కోపం తెచ్చుకోకు. వెలి దాకా వస్తే ఎత్తక తప్పదని ముందురోజే నాతో చెప్పాడు, నేనూ సరేనన్నాను. సరేనన్నాను గానీ, ఆ చెయ్యి లేస్తుంటే తల తిప్పుకున్నాను.

మర్నాడు ఆదివారం గుడికి వెళ్ళాను. వెళ్ళకూడదని ఎవరూ అనలేదు, వెనక బల్ల మీద కూర్చోవచ్చు. పాట మధ్యలో అందరూ లేచి చేతులు కలుపుకున్నారు. నన్ను దాటుకుని వెళ్ళారు. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేతి వేళ్ళ కొసలు తడుముకుంటూ కూర్చున్నాను. ఆ కొసలకు ఇప్పుడు మళ్ళీ కాయలు కాస్తున్నాయి. అవును, పొగ కొట్టంలో తలుపేసుకుని వాయిస్తున్నాను. వెలి ఎలాగూ పడింది, ఇంకా మంచం కింద దాచడం దేనికి?

నువ్వు చేసింది తప్పని రాయకు. ఒక్క ముక్క రాసినా ఊరుకోను. ప్రేమ ఎక్కువై నోరు జారావు. చిన్నప్పటి నుంచీ నీకు సంతోషం వస్తే నోరు ఆగదు. కానీ నాకు బాధ లేదని మాత్రం అనను. ఆదివారం వస్తోందంటే శనివారమే ఏదో అయిపోతుంది నాకు.

మొన్న పొద్దున పెరట్లోకి వెళ్తే, మీ బావ పొగ కొట్టం ఊడ్చి, కప్పు కన్నాలకు రేకు కొట్టి, లోపల ఒక కుర్చీ వేసి ఉన్నాడు. వసారాలో తను కూర్చునే చేతుల కుర్చీ. సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఫిడేలు వాయించే మనిషిని ఆయన ఎన్నడూ దగ్గర్నుంచి చూడలేదు కదా, పాపం. కూర్చుని కమాను లాగితే కుడి మోచెయ్యి కుర్చీ చేతికి ఠక్కున తగిలింది.

"ఇందులో కుదరదండీ, చెయ్యి అడ్డొస్తోంది" అన్నాను.

"ఏ చెయ్యి?" అన్నాడు.

"కుడిది."

ఇంట్లోకి వెళ్ళి రంపం తెచ్చాడు. తన కుర్చీయే, వాళ్ళ నాన్న చేసింది. దగ్గు వచ్చినప్పుడల్లా ఆగుతూ, ఆ కుడి చెయ్యి మొదలంటా కోసేశాడు. రంపపు పొట్టు చొక్కాతో తుడిచి, "ఇప్పుడు చూడు" అన్నాడు.

వచ్చేటప్పుడు తీగలు తీసుకురా. సన్నది తెగింది.

డెల్ఫియా